రెండు ట్యాంకుల పాత డీజిల్ పికప్: రెండో ట్యాంకు మీద ఘాట్ ఎక్కలేకపోతోంది, పంపు విప్పించాలా?

సెమిలిగూడ పికప్:

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగూడ. పొట్టంగి చుట్టుపక్కల పల్లెల నుంచి అల్లం, కూరగాయలు ఎత్తుకుని సాలూరు, విజయనగరం మార్కెట్లకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో కిరాణా సరుకో, సిమెంటో వేసుకుని వచ్చే పాత డీఐ పికప్ ఒకటి నా దగ్గర ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ నొక్కి పంపేది), ఆ పంపు పక్కనే చేత్తో కొట్టే ప్రైమర్ ఉన్న ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇచ్చేది). కంపెనీ ఇచ్చిన ట్యాంకు ఎడమ వైపున ఉంది. కుడి వైపున ఉన్న రెండో ట్యాంకును నాకు ముందున్న యజమాని స్థానికంగా రేకుతో చేయించి బిగించారు. ఆంధ్రలో కంటే ఒడిశాలో డీజిల్ ధర తక్కువ కాబట్టి ఇక్కడే రెండు ట్యాంకులూ నింపుకుని దిగితే, తిరిగి వచ్చేదాకా అటు వైపు బంకుకు వెళ్లే పని ఉండదన్నది ఆయన లెక్క. ఆ లెక్క నచ్చే నేను కూడా ఈ బండి కొన్నాను. డ్రైవర్ సీటు కింద ఒక ఇత్తడి కాక్ (డీజిల్ దారి మార్చే కుళాయి) ఉంది. పిడిని ఎడమకు తిప్పితే మొదటి ట్యాంకు, కుడికి తిప్పితే రెండో ట్యాంకు.

మొదటి ట్యాంకు మీద ఎంత లోడు ఉన్నా, ఎంత ఎత్తయినా బండి ఏ ఇబ్బందీ లేకుండా లాగుతుంది. రెండో ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు దాని మీద కూడా బాగానే నడుస్తుంది. అయితే అందులో డీజిల్ సగానికి తగ్గాక సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెడితే, రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు ఇంజిన్ ముందు ఊగిసలాడుతుంది, తరువాత లాగే శక్తి పడిపోతుంది, ఆపైన ఆగిపోతుంది. కాక్‌ను మొదటి ట్యాంకుకు తిప్పి, ప్రైమర్ కొట్టి, గొట్టాల్లో చేరిన ఎయిర్ తీస్తే మళ్లీ స్టార్టవుతుంది. రాత్రి కాక్‌ను రెండో ట్యాంకు మీదే వదిలేస్తే తెల్లవారి చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. మొదటి ట్యాంకు మీద వదిలితే వెంటనే అందుకుంటుంది.

దీనికి తోడు నాకు అర్థం కాని విషయాలు ఇంకా ఉన్నాయి. రెండో ట్యాంకు మీద నడిపినప్పుడు అది చూస్తుండగానే ఖాళీ అవుతుంది, మైలేజి లెక్క వేస్తే నమ్మలేనంత తక్కువగా వస్తుంది. అదే సమయంలో అసలు వాడని మొదటి ట్యాంకు మూత చుట్టూ డీజిల్ చెమ్మగిల్లి, దాని మీద ఎర్రదుమ్ము పేరుకుంటోంది. డాష్‌బోర్డులో డీజిల్ చూపించే ముల్లు రెండో ట్యాంకుకు మార్చినప్పుడల్లా ముప్పావు దగ్గరే నిలబడుతుంది. అందుకని కర్ర ముంచి చూసుకుంటున్నాను.

ఫిల్టర్లు కొత్తవి వేయించినా మార్పు రాలేదు. ఒక పంపు షాపులో చూపిస్తే పంపు బలహీనపడిందని, విప్పి ఎలిమెంట్లు (లోపల డీజిల్ నొక్కే భాగాలు) మార్చి కాలిబ్రేషన్ (అందే డీజిల్ కొలత సరిచేయడం) చేయాలని పెద్ద మొత్తమే చెప్పారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు నేను స్వయంగా ఏమేమి, ఏ వరసలో చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. మలుపులో లోడుతో ఆగిపోతే నాకే కాదు, వెనక వచ్చే లారీలకు కూడా ప్రమాదమే.


జయపురం పంపు మేస్త్రి:

పంపు విప్పించకండి. ఆ మాట ఎందుకు అంటున్నానో మీరు రాసిన దానిలోనే ఉంది. రెండు ట్యాంకులకూ ఇంజెక్షన్ పంపు ఒక్కటే, ఫీడ్ పంపు ఒక్కటే, ఫిల్టర్లు అవే, ఇంజెక్టర్లు అవే. వీటిలో ఏది చెడినా మొదటి ట్యాంకు మీద, అదే ఘాట్‌లో, అదే లోడుతో, అదే బాధ కనబడి తీరాలి. కనబడటం లేదంటే దోషం కాక్‌కు అవతల ఉంది. అంటే రెండో ట్యాంకు, దాని లోపల డీజిల్ పైకి లాగే సక్షన్ పైపు, అక్కడి నుంచి కాక్ దాకా వచ్చే గొట్టం, కాక్‌లో ఆ వైపు దారి, ఇంతే. రెండు ట్యాంకుల బండికి ఉన్న గొప్ప సౌకర్యమే ఇది. స్పానర్ ముట్టుకోకుండా ఒక్క పిడి తిప్పి సగం బండిని అనుమానం నుంచి తప్పించవచ్చు. ఈ పరీక్ష చేయకుండానే పంపును విప్పి చేతిలో పట్టుకుని మా షాపుకు వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. బెంచి మీద పెట్టి చూస్తే అందులో చాలా పంపులకు ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆ కాస్త దూరంలో జరుగుతున్నది రెండు రకాల తప్పుల్లో ఏదో ఒకటి. ఒకటి, దారిలో అడ్డు ఉండి డీజిల్ చాలినంత రాకపోవడం. రెండోది, డీజిల్‌తో పాటు గాలి చొరబడటం. రెండింటిలోనూ ఘాట్ మీద బండి చచ్చిపోతుంది కాబట్టి పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా మీ ఉదయపు స్టార్టింగ్‌లో ఉంది. అడ్డు మాత్రమే ఉంటే రాత్రి గొట్టంలో నిలిచిన డీజిల్ ఎక్కడికీ పోదు, తెల్లవారి ఐడిలింగ్‌కు కావలసిన కాస్తా సులువుగానే అందుతుంది. ఎక్కడైనా చిన్న సందు ఉంటే మాత్రం రాత్రంతా దాని గుండా గాలి చేరి, గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లవారి ఫీడ్ పంపు ముందుగా ఆ గాలిని లాగాలి. అందుకే గాలి వైపే నా అనుమానం ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది లాగుడు వైపు, అంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపు గొట్టం లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదనుకోవడానికి వీల్లేదు.

పరీక్ష ఇలా చేయండి. ఫీడ్ పంపులోకి వెళ్లే గొట్టం చోట, డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన గొట్టం మూర పొడవు ముక్క పెట్టి, రెండు కొసలా క్లిప్పులు గట్టిగా బిగించండి. బండిని సమతలం మీద నిలిపి, మొదటి ట్యాంకు మీద ఇంజిన్ స్టార్ట్ చేసి ఎయిర్ పూర్తిగా పోయేదాకా నడపండి. ఆ ముక్కలో డీజిల్ నిండుగా, కదలిక కూడా తెలియనంత శుభ్రంగా కనబడాలి. తరువాత రెండో ట్యాంకుకు తిప్పి ఇంజిన్ వేగం పెంచి పట్టుకోండి. బుడగలు వస్తే గాలి. బుడగలు లేకుండా గొట్టం నొక్కుకుపోయినట్టు చప్పబడి ఇంజిన్ తగ్గితే అడ్డు. ప్రైమర్ కూడా మీకు సాక్ష్యం చెబుతుంది: మంచి ట్యాంకు మీద కొన్ని స్ట్రోకులకే పిడి చేతికి గట్టిపడుతుంది, గాలి తీసుకుంటున్న ట్యాంకు మీద ఎంత కొట్టినా మెత్తగానే ఉంటుంది.

ఈ పరీక్షను రెండో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగానికి తక్కువ ఉన్నప్పుడు ఒకసారి చేయండి, ఎందుకంటే మీ సమస్య మట్టంతో ముడిపడి ఉంది. మట్టంతో ముడిపడిన గాలికి రెండు కారణాలు ఉంటాయి. ట్యాంకు లోపలి సక్షన్ పైపుకు మధ్యలో ఎక్కడో చిల్లు పడి ఉండవచ్చు. కొబ్బరి బొండంలో పెట్టిన గొట్టానికి నడుమ చిల్లు ఉంటే, నీళ్లు ఆ చిల్లుకు పైన ఉన్నంతసేపు తెలియదు, కిందికి దిగగానే గాలే వస్తుంది. లేదా పైపు ట్యాంకు ముందు వైపున ఉండి, లోపల అడ్డుపలకలు లేక, ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ అంతా వెనక్కి పోయి పైపు కొస గాలిలో తేలుతూ ఉండవచ్చు. సమతలం మీద కూడా సగం మట్టంలో బుడగలు వస్తే చిల్లు. ముందు చక్రాలు ఎత్తు మీద ఉన్నప్పుడే వస్తే పైపు ఉన్న చోటు తప్పు.

రెండో ట్యాంకు మూత సంగతి కూడా తేల్చుకోండి. రేకుతో చేయించిన ట్యాంకులకు గాలి రంధ్రం పెట్టడం మరచిపోతుంటారు, ఉన్నా మట్టితో మూసుకుపోతుంది. అలాంటప్పుడు డీజిల్ తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి లాగడం కష్టమవుతుంది. బండి నీరసించిన వెంటనే మూత వదులు చేస్తే సుయ్‌మని గాలి లోపలికి పోయే శబ్దం వినిపిస్తుంది, కాసేపటికి ఇంజిన్ తేరుకుంటుంది. ఇది చూడటానికి ఖర్చేమీ లేదు కాబట్టి అన్నిటికంటే ముందు ఇదే చూడండి.

ఒక జాగ్రత్త. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందదు, ఒకటి రెండుసార్లు తొక్కాక బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఈ పరీక్షలేవీ ఘాట్ మీద చేయకండి. చక్రాలకు దిమ్మలు పెట్టి మీ వాకిట్లోనే చేయండి.


బరంపురం గ్యారేజీ:

పంపు మేస్త్రి గారు సక్షన్ గురించి చెప్పిన దానికి నేను చేర్చవలసింది లేదు. అయితే సెమిలిగూడ తమ్ముడు రాసిన మైలేజి, మూత దగ్గర చెమ్మ, ఈ రెండూ వేరే సమస్య. ఒకదాన్ని బాగుచేసి రెండోదాన్ని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

డీజిల్ ఇంజిన్‌కు ట్యాంకు నుంచి వెళ్లిన డీజిల్ అంతా కాలిపోదు. ఫీడ్ పంపు ఇంజిన్‌కు కావలసిన దానికంటే ఎక్కువే పంపుతుంది. ఆ మిగులు పంపు ఓవర్‌ఫ్లో వాల్వు నుంచీ, ఇంజెక్టర్ల లీక్ఆఫ్ పైపు నుంచీ రిటర్న్ గొట్టం ద్వారా ట్యాంకుకు తిరిగి వస్తుంది. దానితో పాటు పంపులోని వేడి, చిన్న చిన్న గాలి బుడగలు కూడా బయటికి పోతాయి. ఒక్క ట్యాంకు ఉన్న బండిలో దీని గురించి ఎవరూ ఆలోచించనక్కర లేదు. రెండో ట్యాంకు బిగించేవాళ్లు మాత్రం వెళ్లే దారికి కాక్ పెట్టి, వచ్చే దారిని మొదటి ట్యాంకుకే వదిలేస్తారు. మీ బండిలో జరిగింది ఇదేనని నాకు దాదాపు నమ్మకం. రెండో ట్యాంకు మీద నడిపినప్పుడు డీజిల్ అందులోంచి వెళ్లి, కాలగా మిగిలింది మొదటి ట్యాంకులో చేరుతోంది. మొదటిది అప్పటికే నిండుగా ఉంటే మూత నుంచి పొంగక ఏం చేస్తుంది? మైలేజి పడిపోలేదు, డీజిల్ ట్యాంకు మారుతోంది, అంతే. కాని మూత నుంచి కారిన డీజిల్ ఘాట్ మలుపుల్లో తారు మీద పడితే వెనక వచ్చే మోటారు సైకిల్ జారుతుంది. దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

తేల్చుకోవడం సులువు. వాకిట్లో రెండో ట్యాంకు మీద ఇంజిన్ నడుపుతూ మొదటి ట్యాంకు మూత తీసి, టార్చి వేసి చూడండి. రిటర్న్ ధార లోపల పడుతూ కనబడుతుంది, లేదా చప్పుడైనా వినబడుతుంది.

నేను గల్ఫ్‌లో పనిచేసిన షెడ్డుకు 1990ల నాటి అమెరికన్ పెట్రోలు పికప్‌లు వచ్చేవి. వాటికి కంపెనీ నుంచే రెండు ట్యాంకులు ఉండేవి, ఒక్కో ట్యాంకులో ఒక్కో కరెంటు పంపు ఉండేది, డాష్‌బోర్డు మీది స్విచ్చి ఏ పంపు నడవాలో నిర్ణయించేది. ఇంజెక్టర్ల రైలు (వాటికి పెట్రోలు పంచే గొట్టం) దగ్గర మిగిలిన పెట్రోలు తిరిగి ఏ ట్యాంకు నుంచి వచ్చిందో ఆ ట్యాంకుకే పోవాలి, అందుకు ట్యాంకు లోపలి యూనిట్‌లో వాల్వులు ఉండేవి. అవి అరిగిపోతే ఒక ట్యాంకు మీద నడుస్తుండగా రెండోది నిండి పొంగేది. ఓనర్లు కూడా మీలాగే మైలేజి గురించే మొదట ఫిర్యాదు చేసేవారు. అక్కడ ఒక ట్యాంకు మీద నడిచి ఇంకోదాని మీద నడవకపోతే మేము ముందు చూసేది స్విచ్చి వేసినప్పుడు ఆ ట్యాంకు దగ్గర పంపు గుయ్‌మంటోందా, కనెక్టర్ దాకా కరెంటు వస్తోందా అన్నది. ఇంకా పాత కార్బొరేటర్ బండ్లలో ఇంజిన్ మీద ఒకే మెకానికల్ పంపు, చాసిస్ మీద ట్యాంకు మార్చే వాల్వు ఉండేవి, మీ ఏర్పాటుకు అవి దగ్గర. ఇంధనం ఏదైనా, వెళ్లే దారి మారితే వచ్చే దారి కూడా మారాలన్నది అన్నిటికీ ఒకటే.

దీనికి సరైన మందు ఆరు దారుల వాల్వు. రెండు ట్యాంకుల నుంచి వచ్చే రెండు, పంపుకు వెళ్లేది ఒకటి, పంపు నుంచి తిరిగి వచ్చేది ఒకటి, ట్యాంకులకు తిరిగి పోయే రెండు, ఇవన్నీ ఒకే వాల్వులో ఒకేసారి మారతాయి. మోటారుతో తిరిగేవీ ఉంటాయి, చేత్తో తిప్పేవీ ఉంటాయి. మీకు చేత్తో తిప్పేదే మేలు. రెండు వేరువేరు కాక్‌లు పెట్టుకోవద్దు. ఒకటి తిప్పి ఇంకోటి మరచిపోవడం ఖాయం, పైగా రిటర్న్ కాక్ మధ్యలో ఆగి దారి మూసుకుపోతే పంపులో ఒత్తిడి పెరిగి సీళ్లు పాడవుతాయి. రెండు ట్యాంకులనూ అడుగున గొట్టంతో కలిపేయమని కూడా కొందరు సలహా ఇస్తారు, అది వినకండి. ఆ గొట్టం బండి పొట్ట కింద వేలాడుతూ రాళ్లకు తగులుతుంది, తెగితే రెండు ట్యాంకులూ ఖాళీ అవుతాయి.

వాల్వు దొరికేదాకా ఒక పని చేయండి. ముందు మొదటి ట్యాంకును సగం దాకా వాడి, ఆ తరువాతే రెండోదానికి తిప్పండి. తిరిగి వచ్చే డీజిల్‌కు మొదటి ట్యాంకులో చోటు ఉంటుంది, ఒక్క చుక్క కూడా వృథా కాదు.


సెమిలిగూడ పికప్:

మేస్త్రి గారికీ, బరంపురం అన్నయ్య గారికీ కృతజ్ఞతలు. చెప్పిన వరసలోనే చేశాను.

మూత వదులు చేసినా తేడా రాలేదు, గాలి శబ్దమూ లేదు. గాలి రంధ్రం శుభ్రంగానే ఉంది. పారదర్శక గొట్టం పెట్టి చూస్తే మొదటి ట్యాంకు మీద డీజిల్ గాజు కడ్డీలా నిలిచింది. రెండో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా బుడగ లేదు. దానిలోంచి డీజిల్ క్యానుల్లోకి తోడి సగానికి తక్కువ చేసి, సమతలం మీదే మళ్లీ నడిపితే, ఐడిలింగ్‌లో అప్పుడప్పుడు ఒక్కో బుడగ, వేగం పెంచగానే వరసగా సన్నని బుడగలు. ప్రైమర్ ఎంత కొట్టినా గట్టిపడలేదు.

రిటర్న్ విషయంలో అన్నయ్య గారు చెప్పినదే నిజం. రెండో ట్యాంకు మీద నడుస్తుండగా మొదటి ట్యాంకులో పెన్సిలు లావు ధార పడుతోంది.

ఇప్పుడు ట్యాంకు దింపి సక్షన్ పైపు తీయాలి. దాన్ని కొత్తగా చేయించేటప్పుడు ఏమి చూసుకోవాలి? కాక్ కూడా మార్చాలా? దొరికిన రంధ్రాన్ని ట్యాంకు మీదే వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని ఇక్కడి కుర్రాడు అంటున్నాడు.


జయపురం పంపు మేస్త్రి:

మీ పరీక్ష స్పష్టంగా ఉంది. సమతలం మీదే, మట్టం తగ్గినప్పుడే గాలి వస్తోంది కాబట్టి పైపు మధ్యలో చిల్లో, పగులో ఉంది. అయినా పైపు తీసే ముందు బయటి గొట్టాన్ని కూడా నిర్దోషి అని తేల్చుకోండి. ట్యాంకు దగ్గర గొట్టం విప్పి ఆ కొసను బిరడాతో మూసి, పంపు వైపు కొస నుంచి సైకిల్ పంపుతో నెమ్మదిగా గాలి పెట్టి, కాక్ మీదా, బాంజో బోల్టుల (గొట్టం కొసను బిగించే బోలు బోల్టుల) మీదా, క్లిప్పుల మీదా సబ్బు నురగ రాయండి. నురగ ఉబ్బిన చోట సందు ఉన్నట్టు. కంప్రెసర్ గాలి పెట్టకండి, గొట్టాలు ఊడిపోతాయి. బాంజో బోల్టు విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేయండి, ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ అంత బాగా కూర్చోదు. ఇత్తడి కాక్‌ను ఎలాగూ ఆరు దారుల వాల్వుతో మారుస్తారు కాబట్టి దాని గురించి ఆలోచించనక్కర లేదు.

కొత్త పైపు ఉక్కుదై ఉండాలి, నడుమ అతుకు లేకుండా ఒకటే ముక్క కావాలి. మీ పాత పైపు తీసి చూస్తే రెండు ముక్కలను ఇత్తడి పోతతో అతికిన చోటే పగులు దొరుకుతుందని నా అంచనా, ఎందుకంటే చేతి పని ట్యాంకుల్లో బండి కుదుపుకు ముందు తెగేది ఆ అతుకే. కింది కొసను ఏటవాలుగా కోయించండి, చదునుగా ఉంటే అడుగుకు ఆనుకుని మూసుకుపోతుంది. అడుగుకూ కొసకూ మధ్య వేలి మందం ఖాళీ ఉండాలి, అప్పుడు అడుగున చేరే నీరు, తుప్పు పైకి రావు. పైపు ట్యాంకు పొడవులో మధ్యకు, వీలైతే కాస్త వెనక్కి ఉండాలి. మీ బండి లోడుతో నిలబడి పోరాడేది ఎక్కుడులోనే కాబట్టి. రిటర్న్ ధార పడే చోటు సక్షన్ కొసకు దూరంగా ఉండేలా చూడండి, లేకపోతే ఆ నురగే మళ్లీ లోపలికి పోతుంది.


రాయగడ లోడు:

ఆ వెల్డింగ్ మాట మీద నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. డీజిల్ పెట్రోలులా అంటుకోదు కదా అని ఖాళీ ట్యాంకు మీద టార్చి పెట్టకండి. మన దేశంలో డీజిల్‌ను క్లాస్ బి పెట్రోలియంగా లెక్కిస్తారు, అంటే ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత) 23 డిగ్రీల నుంచి 65 డిగ్రీల సెల్సియస్ లోపల ఉండే సరుకు. వెల్డింగ్ వేడి ముందు ఆ అంకె ఎంత? నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. ఒకసారి నీళ్లతో కడిగితే చాలదు, రేకు మడతల్లో ఉన్న డీజిల్ వేడికి మళ్లీ ఆవిరవుతుంది. మీ పైపు పై ప్లేటుతో సహా బయటికి వస్తుంది కదా, దాన్ని విడిగా తీసుకెళ్లి కొత్తది చేయించండి. ట్యాంకు రేకు మీద పని ఉంటే దాన్ని వదిలేసి కొత్త ట్యాంకు తీసుకోవడమే నయం.

ట్యాంకు దింపారు కాబట్టి రేకు ఏమిటో కూడా చూడండి. ఊళ్లో చేసే ట్యాంకులను తుప్పు పట్టదని జీఐ రేకుతో చేస్తుంటారు. డీజిల్‌కు జీఐ పనికిరాదు. దాని మీది జింకు పూత డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి జిగురుగా మారి ఫిల్టర్లకూ, ఇంజెక్టర్లకూ పడుతుంది. అడుగున తెల్లటి మడ్డి కనబడితే అదే. నల్లటి జిగట తీగలు కనబడితే నీరు నిలిచి పెరిగిన నాచులాంటిది. మా వైపు వానల్లో సగం ఖాళీగా వదిలిన ట్యాంకుల్లో లోపలి గాలి తేమ కారి నీరు చేరుతుంది, అడుగున డ్రైన్ ప్లగ్ లేకపోతే ఆ నీరు ఎప్పటికీ బయటికి రాదు. కొత్త ట్యాంకు వేసుకునేటట్టయితే ఉక్కు రేకు గాని, అల్యూమినియం గాని తీసుకుని, లోపల అడ్డుపలకలు, అడుగున డ్రైన్ ప్లగ్ తప్పకుండా పెట్టించండి.

ఇంకొక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని అనుమతి లేకుండా ఒప్పుకోదు. ముందున్న యజమాని ఆ ట్యాంకుకు ఏమైనా ఆమోదం తీసుకున్నారో లేదో ఆర్‌సీ చూసుకుని, ఆర్‌టీవో కార్యాలయంలో అడగండి. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూపించేది ఆ ట్యాంకునే. లీటరుకు మిగిలే ధర తేడా కోసం అంత భారం నెత్తిన పెట్టుకోవడం నాకైతే సరి అనిపించదు.


సెమిలిగూడ పికప్:

పైపు తీశాను. మేస్త్రి గారు చెప్పిన చోటే ఉంది. ట్యాంకు సగం ఎత్తు దగ్గర రెండు ముక్కలను అతికిన ఇత్తడి పోత చుట్టూ వెంట్రుక వాసి పగులు. వేలితో వంచితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది, అందుకే ఐడిలింగ్‌లో తక్కువ గాలి, లోడు మీద ఎక్కువ గాలి వచ్చినట్టుంది. ట్యాంకు రేకు జీఐ కాదు, అడుగున కాస్త తుప్పు, నీరు మాత్రమే ఉన్నాయి. శుభ్రం చేసి ఆరబెట్టాను. ఒకటే ముక్క ఉక్కు పైపు, చేత్తో తిప్పే ఆరు దారుల వాల్వు వేయించి, రిటర్న్ రెండో ట్యాంకుకు వేరుగా కలిపించాను. సగానికి తక్కువ మట్టంలో గొట్టంలో బుడగ లేదు, ప్రైమర్ వెంటనే గట్టిపడుతోంది. సిమెంటు లోడుతో సుంకి ఘాట్ పూర్తిగా రెండో ట్యాంకు మీదే ఎక్కాను. మొదటి ట్యాంకు మూత పొడిగా ఉంది. పంపును ఎవరూ ముట్టుకోలేదు.

రాయగడ అన్నయ్య గారు చెప్పిన కాగితాల సంగతి ఈ వారంలోనే ఆర్‌టీవో కార్యాలయంలో కనుక్కుంటాను. ఆమోదం కుదరదంటే ట్యాంకు తీయించేస్తాను. ఇక మిగిలింది ముప్పావు దగ్గర నిలిచిపోయిన ముల్లు ఒక్కటే.


బరంపురం గ్యారేజీ:

ముల్లు కోసం సెండర్ (ట్యాంకులో మట్టం కొలిచి ముల్లుకు చెప్పే పరికరం) దగ్గర చేయి పెట్టకండి, ట్యాంకు మీద నిప్పురవ్వ రాకూడదు. డాష్‌బోర్డు కింద ముల్లును ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్చి దగ్గర రెండో ట్యాంకు సెండర్ వైరు విప్పండి. ముల్లు ఒక కొసకు పోవాలి. విప్పిన చోట మీటరు వైపు ఉన్న కొసను ఒక్క క్షణం బాడీకి ఆనిస్తే రెండో కొసకు పోవాలి. రెండు వైపులా పోతే మీటరు, అక్కడి దాకా వైరింగు బాగున్నట్టే, లోపల తేలే డబ్బా ఇరుక్కుని ఉంటుంది, లేదా మీ మీటరుకు సరిపడని సెండర్ వేసి ఉంటారు. మొదటి ట్యాంకుకు ఉన్న సెండర్ రకమే తెచ్చి వేయించండి. అందాకా కర్రే నమ్మకం.